ఇంటర్‌లో వచ్చిన మెకానిక్స్ ఫస్టియర్‌లో ఎందుకు రాదు?

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా కొత్తగా కాలేజీలో చేరిన వాళ్ల కోసం. బీటెక్ ఫస్టియర్‌లో ఇంజనీరింగ్ మెకానిక్స్ ఉన్నవాళ్లు, బీఎస్సీ ఫిజిక్స్‌లో మెకానిక్స్ పేపర్ ఉన్నవాళ్లు, మీరే. మిగతావాళ్లు కూడా ఉండండి, మధ్యలో ఒక బీరువా, ఒక లారీ, ఒక ఆటో వస్తాయి. నేను మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లినవాణ్ని. మన దగ్గర ఇది జోక్ కూడా కాదు, దాదాపు అదొక బ్రాంచి అయిపోయింది.

సిలబస్ కాగితం చేతికి రాగానే ఏం కనిపిస్తుంది? న్యూటన్ నియమాలు, ఘర్షణ, పని, శక్తి, ద్రవ్యవేగం, భ్రమణం. అన్నీ ఇంటర్‌లో చూసిన మొహాలే. దాంతో "ఇది మనకి వచ్చు" అనిపిస్తుంది. వచ్చు అనుకున్న సబ్జెక్టుకి క్లాసులో ఎవరూ చెవి ఒగ్గరు కదా. ఓ నాలుగైదు వారాలు అలా గడిచిపోతాయి. తర్వాత మొదటి మిడ్ పరీక్ష పేపర్ చూస్తే అందులో ఒక్క లెక్కా తెలిసినట్టు ఉండదు. పేర్లు పాతవే, లెక్కలు మాత్రం కొత్తవి.

ఎందుకిలా అవుతుందో చూద్దాం. ఎంసెట్, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నాం, ఇంజనీరింగ్ పేపర్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. భాగిస్తే ఒక్కో ప్రశ్నకి 67 సెకన్లు. 67 సెకన్లలో ఎవరైనా బొమ్మ గీస్తారా? గీయరు. ప్రశ్నలో ఏ అక్షరాలు ఇచ్చాడో చూస్తారు, అవి ఏ ఫార్ములాలో ఉన్నాయో వెతుకుతారు. యు ఇచ్చాడు, ఏ ఇచ్చాడు, టీ ఇచ్చాడు, వీ అడిగాడు. అయిపోయింది, తర్వాతి ప్రశ్న. దీన్ని నేను తప్పు పట్టడం లేదు. ఆ పరీక్షకి అదే తెలివైన పద్ధతి. రెండేళ్లు పొద్దున్నుంచి రాత్రి దాకా అదే ప్రాక్టీస్ చేశాక చెయ్యి దానికి అలవాటు పడిపోతుంది. కాలేజీలో పరీక్ష మారుతుంది, చెయ్యి మాత్రం మారదు.

మా బాబాయి వాళ్లబ్బాయి సంగతి చెప్తా. ఇంటర్‌లో ఫిజిక్స్ మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి, మంచి ర్యాంకు, కోరుకున్న బ్రాంచి. మొదటి మిడ్ అయ్యాక ఫోన్ చేసి, "అన్నయ్యా, బ్రాంచి మార్చుకోడానికి ఏమన్నా దారి ఉందేమో కనుక్కుంటావా? నాకు ఫిజిక్స్ రాదనుకుంటా" అన్నాడు. గొంతు బాగా డల్‌గా ఉంది. రెండేళ్లు హాస్టల్లో ఉండి చదివినవాడు, ఇంట్లోవాళ్లు ఫీజు కట్టేసి ఉన్నారు, ఒక్క మిడ్‌తో తన మీద తనకి నమ్మకం పోయింది. ఇలాంటి వాళ్లు ప్రతి కాలేజీలో, ప్రతి సెక్షన్లో ఉంటారు. పైకి చెప్పరంతే.

ఆ ఆదివారం వాణ్ణి ఇంటికి రమ్మన్నా. ఒక లెక్క ఇచ్చా. మా గదిలో ఇనప బీరువా ఉంది, 50 కిలోలు అనుకో. నేలకీ దానికీ మధ్య స్థైతిక ఘర్షణ గుణకం, అంటే మ్యూ, 0.4. జీ 10 తీసుకో. నేను 120 న్యూటన్ల బలంతో పక్క నుంచి తోస్తున్నా. బీరువా కదల్లేదు. ఘర్షణ బలం ఎంత?

సెకను కూడా పట్టలేదు. "మ్యూ ఇంటూ ఎన్. 0.4 ఇంటూ 500. 200 న్యూటన్లు."

"అయితే నేను 120తో అటు తోస్తుంటే ఘర్షణ 200తో ఇటు తోస్తోందన్నమాట. మరి బీరువా నా మీదకి నడిచి రావాలి కదరా?"

వాడు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేసి కాగితం వైపు చూస్తూ కూర్చున్నాడు.

జవాబు 120. బీరువా కదల్లేదు అంటే త్వరణం సున్నా. త్వరణం సున్నా అంటే బలాలన్నీ కలిపితే సున్నా. కాబట్టి ఘర్షణ కచ్చితంగా 120. నేను 50తో తోస్తే 50, తోయడం మానేస్తే సున్నా. మ్యూ ఇంటూ ఎన్ అనేది దాని హద్దు, అంతకంటే ఎక్కువ ఇవ్వలేదు అని. ఆటోలో ఎనిమిది మంది పడతారంటే ఎప్పుడు చూసినా ఎనిమిది మందే ఉంటారని కాదు కదా. ఇది వాడికి తెలియదా అంటే తెలుసు. "తక్కువ లేదా సమానం" గుర్తు ఇంటర్ పుస్తకంలోనే ఉంది. ఆ గుర్తు చూసేంత టైమ్ ఎప్పుడూ దొరకలేదు, అంతే.

నేను గమనించింది ఏంటంటే, ఏ లెక్క ఇచ్చినా వాడు మొదట అడిగే మాట "ఏ ఫార్ములా అన్నయ్యా?". యూనివర్సిటీ మెకానిక్స్‌లో మొదటి ప్రశ్న అది కాదు. మొదటి ప్రశ్న: మనం దేని గురించి మాట్లాడుతున్నాం? బీరువా గురించా, నా గురించా, ఇద్దరం కలిపా? రెండో ప్రశ్న: దాన్ని బయట నుంచి ఎవరెవరు ముట్టుకుంటున్నారు, ఎవరెవరు లాగుతున్నారు? అవి మాత్రమే బాణాలుగా గీయాలి. ఫ్రీ బాడీ డయాగ్రామ్ అంటే ఇంతే. దీన్ని చాలామంది మార్కుల కోసం గీసే అలంకారం అనుకుంటారు. లెక్కలో సగం అదే. అది తప్పు గీస్తే తర్వాత రాసిన ఆల్జీబ్రా ఎంత అందంగా ఉన్నా దండగ.

అదే బీరువా మీద ఇంకొకటి. కింద పెట్టి ఉంది, ఎవరూ తోయట్లేదు. కిందికి బరువు, పైకి నేల ఇచ్చే అభిలంబ బలం. రెండూ సమానం, వ్యతిరేకం. ఇది న్యూటన్ మూడో నియమమా? క్లాసులో అడిగి చూడండి, ఎక్కువమంది అవునంటారు. ఇప్పుడు ఆ బీరువాని లిఫ్టులో పెట్టండి. లిఫ్టు పైకి బయల్దేరే క్షణంలో నేల ఇచ్చే బలం బరువు కంటే ఎక్కువ. మూడో నియమం జంట అయితే ఎప్పటికీ విడిపోకూడదు, లిఫ్టులో అయినా సరే. ఇవి విడిపోయాయి. అంటే జంట కాదు. బరువు అంటే భూమి బీరువాని లాగడం. దాని జంట బీరువా భూమిని పైకి లాగడం. అది మన బొమ్మలో ఉండదు, ఎందుకంటే అది భూమి మీద పనిచేస్తోంది, బీరువా మీద కాదు.

ఇప్పుడు లారీ, ఆటో. పది టన్నుల లారీ, అర టన్ను ఆటో ఎదురెదురుగా గుద్దుకున్నాయి. ఎవరి మీద ఎక్కువ బలం పడింది? మనసు ఆటో అంటుంది. రోడ్డు మీద చూసిన ప్రతి యాక్సిడెంటూ ఆటో అనే చెబుతుంది. కానీ రెండింటి మీదా బలం ఒక్కటే. తేడా ద్రవ్యరాశిలో ఉంది. అదే బలానికి ఆటో త్వరణం లారీ త్వరణానికి 20 రెట్లు. ఆటోలో ఉన్నవాళ్ల శరీరం తట్టుకోవాల్సింది ఆ 20 రెట్లని. బలం సమానం, నష్టం సమానం కాదు. ఈ రెండు వాక్యాలనీ ఒకేసారి మనసులో పెట్టుకోవడం కష్టమే, ఒప్పుకుంటా.

ఇదేదో మన కోచింగ్ సెంటర్ల వల్ల వచ్చిన జబ్బు అనుకునేవాళ్ల కోసం ఒక సంగతి. 1980లలో అమెరికాలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో హలూన్, హెస్టెనెస్ అని ఇద్దరు, లెక్కలేవీ లేకుండా సరిగ్గా ఇలాంటి మామూలు ప్రశ్నలతో కాలేజీ పిల్లల్ని పరీక్షించారు. మెకానిక్స్ కోర్సు పూర్తి చేసిన వాళ్లలో కూడా చాలామంది పాత ఊహల్లోనే ఉన్నారని 1985లో పేపర్ రాశారు. దాన్నుంచే 1992లో ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ అనే పరీక్ష వచ్చింది. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ప్రొఫెసర్ ఇది చదివి, మా పిల్లలు అలా కాదులే అనుకుని తన క్లాసులో పెట్టారు. అప్పుడు ఒక స్టూడెంట్ లేచి, మీరు నేర్పినట్టు జవాబు రాయాలా, లేక నేను నిజంగా అనుకునేది రాయాలా అని అడిగారట. మజూర్ తర్వాత చాలా సభల్లో ఈ కథ చెప్పారు. ఫలితాలు చూశాక ఆయన పాఠం చెప్పే పద్ధతే మార్చేశారు. ఒక ప్రశ్న వేయడం, పక్కవాడితో వాదించుకోమనడం, మళ్లీ జవాబు అడగడం. కాబట్టి బంజారాహిల్స్ అయినా బోస్టన్ అయినా ఈ సబ్జెక్టు ఇలాగే ఏడిపిస్తుంది. మా తమ్ముడికి ఇది చెప్పాక కాస్త గొంతు తేలికపడింది.

బైకు సంగతి కూడా చెప్పేస్తా, చిన్నదే. బైకుని ముందుకి తోసేది ఎవరు? ఇంజన్ అంటారు. కానీ మన సిస్టమ్ బైకు అయితే ఇంజన్ లోపలే ఉంది. లోపలి బలాలు బండి మొత్తాన్ని ముందుకి జరపలేవు. బయట నుంచి ముట్టుకునేది రోడ్డు. వెనక టైరు రోడ్డుని వెనక్కి నెడుతుంది, రోడ్డు టైరుని ముందుకి నెడుతుంది. అంటే బండిని నడిపే బలం ఘర్షణ! బురదలో ఇంజన్ అంతే గట్టిగా అరుస్తుంది, టైరు గిర్రున తిరుగుతుంది, బండి మాత్రం ఉన్నచోటే. ఘర్షణ ఎప్పుడూ అడ్డే అని చిన్నప్పటి నుంచి విన్నాం కదా, ఇక్కడ అదే మోస్తోంది.

సరే, ఇదంతా పాతదాన్ని సరిచేసుకోవడం. అసలు కొత్తగా వచ్చేది ఏంటి?

వి ఈక్వల్స్ యు ప్లస్ ఏటీ అన్నది త్వరణం మారకుండా ఉన్నప్పుడే పనిచేస్తుంది. ఇంటర్‌లో మనకి ఇచ్చిన లెక్కలన్నీ దాదాపు అలాంటివే. ప్రపంచం అలా ఉండదు. వర్షం చినుకు తీసుకోండి. కిలోమీటరు ఎత్తు నుంచి పడుతోంది. గాలి లేదనుకుంటే, టూ జీ హెచ్‌కి వర్గమూలం, సరిగ్గా సెకనుకి 140 మీటర్లు. గంటకి 504 కిలోమీటర్లు. అలా పడితే గొడుగు కాదు, రేకుల షెడ్డు కూడా ఆగదు. నిజంగా పెద్ద చినుకులు కూడా సెకనుకి 9 మీటర్ల దగ్గర ఆగిపోతాయి. కారణం గాలి. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డం పెరుగుతుంది, అడ్డం పెరిగేకొద్దీ త్వరణం తగ్గుతుంది. ఏ అనేది స్థిరంగా లేదు, అది వీ మీదే ఆధారపడి ఉంది. యు ప్లస్ ఏటీ ఇక్కడ చేతులెత్తేస్తుంది.

కాబట్టి ఏం చేస్తాం? సమీకరణం రాస్తాం. ద్రవ్యరాశి ఇంటూ వేగం మారే రేటు, ఈక్వల్స్ బరువు మైనస్ గాలి అడ్డం. గాలి అడ్డం కే ఇంటూ వీ అనుకుందాం. (మంచు తుంపర లాంటి చిన్నవాటికి ఇది సరిపోతుంది, పెద్ద చినుకుకి వీ స్క్వేర్ వాడాలి. పద్ధతి ఒకటే.) ఇది డిఫరెన్షియల్ ఈక్వేషన్. ఎఫ్ ఈక్వల్స్ ఎంఏ అంటే ఇన్నాళ్లూ మూడు అక్షరాల్లో రెండు ఇస్తే మూడోది కనుక్కునే ఫార్ములా అనుకున్నాం. ఇక్కడ అది ఒక ప్రశ్న. దానికి జవాబు ఒక అంకె కాదు, కాలంతో పాటు వేగం ఎలా నడుస్తుందో చెప్పే మొత్తం వక్రం. నాకైతే యూనివర్సిటీ మెకానిక్స్ సరిగ్గా ఈ గీత దగ్గర మొదలవుతుంది.

జవాబు వచ్చాక ఇంకో పని ఉంది, మన దగ్గర చాలామంది వదిలేసేది. అడగాలి: టీ చాలా తక్కువ ఉంటే ఏమవుతుంది? జీ ఇంటూ టీ రావాలి, ఎందుకంటే మొదట్లో గాలికి ఇంకా పని లేదు. టీ బాగా పెరిగితే? ఎంజీ బై కే దగ్గర ఆగాలి, అక్కడ అడ్డం బరువుతో సమానం. కే సున్నా వైపు వెళితే పాత ఇంటర్ ఫార్ములా మళ్లీ కనబడాలి. ఈ మూడింటిలో ఒక్కటి రాకపోయినా ఎక్కడో సైన్ తప్పింది. పుస్తకం వెనక ఆన్సర్ చూడకుండానే మీ జవాబు తప్పో ఒప్పో మీకే తెలిసిపోతుంది. కోడ్ రాసేవాళ్లు దీన్ని టెస్ట్ కేస్ అంటారు. ఆఫీసులో చేసినప్పుడు జీతం ఇస్తారు, ఇక్కడ మార్కులిస్తారు.

కోడ్ మాట వచ్చింది కాబట్టి. ఇలాంటి సమీకరణాలన్నీ కాగితం మీద తెగవు. అప్పుడు కాలాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్కలో బలం లెక్కేసి, వేగం కొంచెం మార్చి, స్థానం కొంచెం మార్చి, మళ్లీ మొదటికి వస్తాం. ఒక ఫర్ లూప్, మూడు లైన్లు. మీరు ఫోన్లో ఆడే గేముల్లో బండి ఎగిరి పడేదీ ఇలాంటి లూప్‌తోనే. ఫైన్‌మన్ 1961లో కాల్‌టెక్‌లో పిల్లలకి మెకానిక్స్ మొదలుపెట్టినప్పుడు, మొదటి సంపుటం తొమ్మిదో అధ్యాయంలో, స్ప్రింగునీ సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహాన్నీ ఇలాగే అంకెల పట్టిక వేసి చూపించారు. ఆ పుస్తకాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకోవచ్చు.

ఫోన్లో పైథాన్ నడిచే యాప్ ఏదైనా ఉంటే ఈ రాత్రి ఇది చేసి చూడండి. స్ప్రింగుకి కట్టిన బరువు. ద్రవ్యరాశి 1, స్ప్రింగు స్థిరాంకం 1, కాలం ముక్క 0.1. స్థానాన్ని పాత వేగంతో, వేగాన్ని పాత స్థానంతో మార్చండి. ప్రతి స్టెప్పులో శక్తి ప్రింట్ చేయండి. 70 స్టెప్పులయ్యేసరికి శక్తి రెట్టింపు అవుతుంది! ఎవరూ తోయలేదు, శక్తి ఎక్కణ్నుంచి వచ్చింది? ప్రతి స్టెప్పులో అది 1.01 రెట్లు అవుతోంది, అదీ సంగతి. చక్రవడ్డీ లెక్క. ఇప్పుడు ఒక్క మార్పు చేయండి. ముందు వేగం మార్చి, ఆ కొత్త వేగంతోనే స్థానం మార్చండి. శక్తి కొంచెం అటూ ఇటూ ఊగుతుంది కానీ పెరుగుతూ పోదు. రెండు లైన్ల వరస మారిందంతే. శక్తి నిత్యత్వ నియమం పుస్తకంలో వాక్యంగా చదివితే నిద్రొస్తుంది. మీ ప్రోగ్రామ్‌లో బగ్ పట్టిచ్చినప్పుడు అది వేరేగా కనిపిస్తుంది.

చిన్న పిట్టకథ. ఎఫ్ ఈక్వల్స్ ఎంఏ అని మనం రాసే రూపం న్యూటన్ 1687 నాటి ప్రిన్సిపియాలో అలా ఉండదు, అక్కడ ఎక్కువ జామెట్రీనే. దాన్ని సమీకరణాలుగా దిక్కుకి ఒకటి చొప్పున రాసి ముందుకి తెచ్చింది ఆయిలర్, 1750 ప్రాంతంలో. ఇందాక శక్తిని రెట్టింపు చేసిన మొదటి లూప్ ఉంది చూశారా, దాని పేరు కూడా ఆయిలర్ పద్ధతే. మనిషి ఎటు వెళ్లినా ఎదురొస్తాడు.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి ఒక్క మాట. మీ చేతిలో ఉన్న పదాలు పారేసుకోకండి. మొమెంటం అన్న మాట వింటే ఏమీ తెలీదు, ద్రవ్యవేగం అనగానే ద్రవ్యరాశి ఇంటూ వేగం అని పేరులోనే ఉంది. క్లాసులో ఇంగ్లీషు పదం రాసుకోండి, పక్కన తెలుగు పదం కూడా రాసుకోండి. ఒక్క జాగ్రత్త: ఇంట్లో మనం బలం, శక్తి, సామర్థ్యం మూడింటినీ ఒకే అర్థంలో వాడేస్తాం. ఇక్కడ మూడూ వేరు, యూనిట్లు కూడా వేరు.

ఏం చదవాలి అంటే, హెచ్.సి. వర్మ మొదటి భాగం మీ దగ్గర ఉండే ఉంటుంది, అమ్మేయకండి. అందులో అధ్యాయం చివర షార్ట్ ఆన్సర్ ప్రశ్నలని ఎంట్రన్స్ టైమ్‌లో అందరూ దాటేస్తారు, ఇప్పుడు అవే చేయండి. ఐఐటీ కాన్పూర్ మనోజ్ హర్బోలా గారి ఇంజనీరింగ్ మెకానిక్స్ పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితంగా ఉన్నాయి, నెమ్మదిగా, బాగా చెప్తారు. క్లెప్నర్, కొలెంకో రాసిన పుస్తకం, 1973 నాటిది, చాలా గొప్పది కానీ మొదటి నెలలో పట్టుకుంటే బెంబేలెత్తుతారు. సెమిస్టర్ మధ్యలో తెరవండి. సొల్యూషన్ వీడియోల విషయంలో నేను కాస్త కఠినంగానే ఉంటా. ఒక లెక్క మీద కనీసం అరగంట మీరు కుస్తీ పట్టకుండా సొల్యూషన్ చూస్తే, అది సినిమా చూసినట్టే. మా తమ్ముడు ఇప్పుడు వారానికి నాలుగైదు లెక్కలే చేస్తున్నాడు. ముందు రోజుకి యాభై చేసేవాడు. రూమ్‌మేట్‌తో గొడవపడి మరీ చేస్తున్నాడు. రెండో మిడ్‌లో టాపర్ ఏమీ కాలేదు, మధ్యస్తంగా వచ్చాయి. బ్రాంచి మార్చే మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.

ఇక మీకు ఒక లెక్క. ఇంట్లో కుట్టు దారం రీలు ఉంటుంది కదా, రెండు వైపులా పెద్ద అంచులు, మధ్యలో సన్నటి ఇరుసుకి దారం చుట్టి ఉంటుంది. దాన్ని టేబుల్ మీద దొర్లేలా పెట్టండి. దారం ఇరుసు కింది వైపు నుంచి బయటికి రావాలి. దారాన్ని టేబుల్‌కి సమాంతరంగా, నెమ్మదిగా, మీ వైపుకి లాగండి. రీలు మీ వైపు వస్తుందా, అవతలికి పోతుందా? దారం విప్పుకుంటుందా, చుట్టుకుంటుందా? ముందు జవాబు కాగితం మీద రాసి, బలాల బాణాలు గీసి, అప్పుడు లాగి చూడండి. తర్వాత దారాన్ని కొంచెం కొంచెం పైకెత్తుతూ లాగండి. ఒక కోణం దగ్గర రీలు మనసు మార్చుకుంటుంది. ఆ కోణం ఎంతో రెండు వ్యాసార్థాలతో చెప్పగలరేమో చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో టార్క్ దగ్గర మొదలుపెడదాం, రీలు నేను కూడా తెచ్చుకుంటా. ఉంటా మరి.